పంచుకొన్నను తరుగని పాపము

వాల్మీకి మహర్షి పూర్వజీవితమును గూర్చి లోకములో ప్రచారమందున్న కథను ఎరుగనివారు తెలుగునాట అరుదు. దారి కాచి బాటసారులను దోచుచు కుటుంబమును పోషించుచున్న బోయవానిని సప్తర్షులు ఒక ప్రశ్న యడిగిరి. “నీవు తెచ్చిన అన్నమును పంచుకొను భార్యాబిడ్డలు నీ పాపమును కూడ పంచుకొందురా?” అతడు ఇంటికి పోయి అడిగెను. పోషించుట నీ విధి, ఆ పాపము మాత్రము నీదే యని వారు బదులు చెప్పిరి. ఆ మాటతో అతని కన్నులు తెరచుకొన్నవి.

ఈ కథను చెప్పువారు సాధారణముగ ఇచ్చట నిలిచి, చేసిన కర్మ చేసినవానినే చెందునను నీతిని బోధింతురు. అది సత్యమే. కాని కథలో మరియొక ప్రశ్న దాగియున్నది. అన్నము ఏ విధముగ ఇంటికి వచ్చుచున్నదో ఆ దినము వరకు ఆ భార్యాబిడ్డలకు తెలియకపోయి యుండవచ్చును. అతడు వచ్చి అడిగిన పిమ్మట తెలిసినది. తెలిసిన పిమ్మట కూడ వారు మరునాడు అట్టి అన్నమునే కోరి, మునుపటికంటె చౌకగా, మునుపటికంటె మెండుగా తెమ్మని యుండినచో, “పాపము నీదే” అను మాట వారి నోట నిలుచునా?

నేటి గృహస్థుని యెదుట నున్న ప్రశ్న ఇదియే. అతడు ఎవ్వరిని దోచుట లేదు, ఏ ప్రాణి మెడను కోయుట లేదు. అంగడికి పోయి గుడ్లో, మాంసమో, పాలపొట్లమో కొనుచున్నాడు. ఆ వస్తువు వెనుక నున్న ప్రాణిని అతడు చూడలేదు. చూడకపోవుట వలన అతని భాగము తొలగిపోవునా అనునది విచారింపవలసిన విషయము.

పూర్వము పల్లెటూళ్లలో కోడి ఇంటితో కలిసి బ్రతికెడిది. తెల్లవారగనే గంప ఎత్తినంతట పెట్టయు పిల్లలును పెంటకుప్పల మీదికి పరుగిడెడివి. మన్ను కెలకుట, పురుగులను ఏరుకొనుట, దుమ్ములో పొర్లాడి రెక్కలు దులుపుకొనుట, గద్ద నీడ పడగనే పిల్లలను రెక్కల క్రింద దాచుకొనుట దాని నిత్యకృత్యములు. గుడ్డు పెట్టు వేళకు గాదె చాటుననో, గడ్డివాము సందుననో చోటు వెదకుకొనెడిది. ఆ కోడిని పండుగనాడు కోయుటయు కలదు, సంక్రాంతి పందెములకు కాలికి కత్తి కట్టుటయు కలదు. ఆ కాలము పాపరహితమైనదని చెప్పుట అసత్యమగును. అయినను రెండు విషయములు గమనింపదగినవి. కోడి బ్రతికినంత కాలము కోడిగనే బ్రతికెను. దానిని కోసిన చేయి, దానికి గింజలు చల్లిన చేయి ఒకే ఇంటివి. చంపుచున్నామను ఎరుక ఆ ఇంటివారికి తప్పెడిది కాదు.

నేడు కోడి ఆ ఇంటి నుండి షెడ్డులోనికి పోయినది. కేంద్రప్రభుత్వ పశుసంవర్ధక గణాంకముల ప్రకారము 2022-23లో భారతదేశమున 13,838 కోట్ల గుడ్లు ఉత్పత్తి అయినవి. అందు 20.13 శాతముతో ఆంధ్రప్రదేశ్ ప్రథమస్థానమునను, 12.77 శాతముతో తెలంగాణ తృతీయస్థానమునను ఉన్నవి. అనగా దేశములోని గుడ్లలో ఇంచుమించు మూడవవంతు తెలుగు నేలమీదివే. అనపర్తి, తణుకు ప్రాంతములు ఈ పరిశ్రమకు ప్రసిద్ధికెక్కినవి. కావున ఇది ఎచ్చటనో పరదేశమున జరుగు వ్యవహారము కాదు.

గుడ్ల కొరకు పెంచు లేయరు కోడి జీవితమెట్టిదో తెలిసికొనవలెను. వాడుకలో నున్న ఇనుపతీగల బోనులలో ఒక్కొక్క బోనుకు మూడు నాలుగు కోళ్లను ఉంచుదురు. ఈ దేశమున చిరకాలముగ ఒక కోడికి దక్కుచు వచ్చిన చోటు సుమారు 450 చదరపు సెంటీమీటర్లు. కార్యాలయములలో వాడు పెద్ద తెల్లకాగితము వైశాల్యము 624 చదరపు సెంటీమీటర్లు. ఆ కాగితమంత చోటైనను కోడికి లేదు. రెక్క విప్పుటకు వీలులేదు, పొర్లుటకు దుమ్ము లేదు, కెలకుటకు మన్ను లేదు. పెట్టిన గుడ్డు దొర్లి ముందుకు పోవునట్లు బోను అడుగు వాలుగ నుండును. ఇరుకున ఒకదాని నొకటి పొడుచుకొనకుండుటకై పిల్లలుగ నున్నప్పుడే ముక్కు కొనను కాల్చి కత్తిరింతురు. దాదాపు పదునెనిమిది వారముల వయస్సున బోనెక్కిన కోడి, గుడ్లు తగ్గినవని అమ్మివేయు దినము వరకు, ఏడాదికి పైగా నేలమీద అడుగుపెట్టదు.

కోళ్లకు మూలజాతియైన అడవికోడి ఏడాదికి పది పదునైదు గుడ్లు మాత్రమే పెట్టును. నేటి లేయరు కోడి మూడువందలకు పైగా పెట్టును. పెంకునకు వలసిన సున్నము దాని యెముకల నుండియే తరిగిపోవుటచే, కదలిక లేని ఆ పక్షి కాళ్లు పెళుసుబారి విరుగుట కూడ కలదు. మాంసము కొరకు పెంచు బ్రాయిలరు కోడి బోనులో గాక నేలమీదనే పెరుగును. అయినను ఆరు వారములలోపల రెండు కిలోల బరువు తూగునట్లు దానిని తీర్చిదిద్దిరి. వయస్సునకు అది ఇంకను పిల్ల. శరీరము మాత్రము కాళ్లు మోయలేనిది.

ఇంతకంటె దుస్సహమైన విషయ మొకటి కలదు. లేయరు జాతిలో పుట్టిన పుంజుపిల్ల గుడ్డు పెట్టదు, మాంసమునకై బ్రాయిలరువలె త్వరగ పెరుగదు. కావున హేచరీలో పొదిగిన పిల్లలలో ఇంచుమించు సగభాగము, పుట్టిననాడే పనికిరానివిగ ఎంచబడి నాశము చేయబడుచున్నవి. సుబ్రహ్మణ్యస్వామి కుక్కుటధ్వజుడు. స్వామి పతాకముమీద పుంజునకు చోటు దొరకినది. మానవుని లెక్కల పుస్తకములో దానికి ఒక దినము కూడ దొరకలేదు.

హింస యనగా చంపుట యని మాత్రమే పలువురు తలంతురు. చావు ప్రతి ప్రాణికిని తప్పనిది. భగవంతుడు ప్రతి ప్రాణికిని ఒక స్వభావమునిచ్చి పుట్టించెను. చేపకు ఈత, పక్షికి రెక్క, ఆవునకు దూడను నాకు నాలుక ఆయన ఇచ్చినవే. మత్స్య కూర్మ వరాహ రూపములను ధరించుటకు స్వామి సంకోచింపలేదు. అట్టి స్వామి యిచ్చిన స్వభావమును ఒక్కనాడును అనుభవింపనీయక, ప్రాణమును మాత్రము నిలిపి, దానినుండి వస్తువును పిండుకొనుట చంపుటకంటె వేరైన హింస. అది ఒక్క క్షణములో ముగియదు, పుట్టుక నుండి చావు వరకు ప్రతిదినము జరుగును.

ఇచ్చట కొందరొక ఆక్షేపణ చేయుదురు. నాగలి సాగినచో భూమిలోని ప్రాణులు చచ్చును, ధాన్యము దంచినను జీవహింసయే, కావున అహింస అసాధ్యము గదా యని. ఈ మాట మహాభారతములోని ధర్మవ్యాధుడును చెప్పినదే. మిథిలానగరములో మాంసము నమ్మి జీవించిన ఆ మహనీయుడు, కౌశికుడను బ్రాహ్మణునకు ధర్మసూక్ష్మములను బోధించుచు, వ్యవసాయమునందును హింస కలదని తెలిపెను. కాని అతడు ఆ మాటను తన వృత్తిని కప్పిపుచ్చుకొనుటకు వాడుకొనలేదు. తాను చేయుచున్న పని ఘోరమైనదని తానే ఒప్పుకొనెను. తాను చంపక, తాను తినక, తల్లిదండ్రులను సేవించుచు జీవించెను. హింస పూర్తిగ తొలగదని తెలిసినవాడు దానిని సాధ్యమైనంత తగ్గించుటకు యత్నింపవలెనని అతని నడవడియే చెప్పుచున్నది. తప్పనిసరియైన హింసను చూపి తప్పించుకొనదగిన హింసను సమర్థించుట ధర్మవ్యాధుని మార్గము కాదు. ఎట్లును ఇంటిలో ధూళి పడునని ఊడ్చుట మాను గృహిణి యుండదు గదా.

ఈ పరిశ్రమలోని పాపమునకు కర్త ఎవరని అడిగినచో వచ్చు సమాధానము విచిత్రముగ నుండును. బ్రాయిలరు రైతు నడిగిన, “పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది, నాకు దక్కునది పెంపకపు కూలి, షెడ్డు కట్టుటకు తెచ్చిన అప్పు” అనును. కంపెనీ నడిగిన, “అంగడిలో ధర మేము నిర్ణయించునది కాదు, కొనువారు చౌకనే కోరుదురు” అనును. దుకాణదారు నడిగిన, “నేను తెచ్చి అమ్మువాడను” అనును. తినువాని నడిగిన, “నేను పెంచలేదు, చంపలేదు” అనును. బోయవాని భార్యాబిడ్డలు పలికిన మాటనే ప్రతి యొక్కరును తన ప్రక్కవానితో పలుకుచున్నారు. భేద మొకటే. ఆ కథలో పాపమును మోయుటకు చివరకు ఒక మనిషి నిలిచెను. ఇచ్చట ఒక్కరును నిలుచుట లేదు.

ధర్మశాస్త్రము ఈ మార్గమును ముందుగనే మూసివేసినది. మాంసవిషయమున మనుస్మృతి పంచమాధ్యాయము చంపినవానితో ఆగలేదు. ఆమోదించినవానిని, కొన్నవానిని, అమ్మినవానిని, వండినవానిని, వడ్డించినవానిని, తిన్నవానిని కూడ ఘాతకులలోనే లెక్కించినది. అందు ఆమోదించినవానిని మొదట చెప్పుట గమనింపదగినది. ధనమును పదిమంది పంచుకొన్నచో ఒక్కొక్కరికి పదవవంతు దక్కును. పాపమట్లు కాదు. ఒక దీపమునుండి పది దీపములు వెలిగించినను మొదటి దీపము తరుగదు, పదవ దీపమును చిన్నది కాదు. పాపమును అట్లే పంచుకొన్నకొలది ఒక్కొక్కనియొద్ద పూర్తిగనే వెలుగును.

దీని ఫలము ప్రాణులతోనే ఆగక మానవుని ఇంటికిని వచ్చుచున్నది. వేల కొలది కోళ్లు ఒక్క కప్పు క్రింద కిక్కిరిసిన చోట రోగము సులభముగ వ్యాపించును. రోగము రాకుండుటకును, త్వరగ పెరుగుటకును మందులను దాణాలో కలుపుట అలవాటైనది. ఆ మందులకు లొంగని సూక్ష్మజీవులు అట్టి చోట్లనే బలపడును. ఇతర ఔషధములు పనిచేయనప్పుడు మనుష్యులకు వైద్యులు చివరి ఆశగ నిచ్చు కొలిస్టిన్ అను మందు సైతము కోళ్ల పెంపకములో వాడబడెను. 2019 జూలైలో కేంద్రప్రభుత్వము ఆహారమునకై పెంచు జంతువులలో, కోళ్లలో, జలచరములలో దాని వాడకము నిమిత్తమైన ఉత్పత్తిని, విక్రయమును నిషేధించెను. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూరున భారతదేశమున మొదటిసారి బయటపడిన బర్డ్ ఫ్లూ వ్యాధి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో నిర్ధారింపబడినది. రోగము కనబడిన ఫారము చుట్టును కిలోమీటరు పరిధిలోని కోళ్లను, రోగము సోకినవైనను సోకనివైనను, చంపి పూడ్చుట విధిగ చేయవలసివచ్చును. ఆనాడు నష్టపోవు రైతు కంటనీరు కూడ ఈ చౌకధరలో లెక్కకు రాని భాగమే.

ఇక మిక్కిలి గౌరవింపదగిన ఆక్షేపణ ఒకటి కలదు. గుడ్డు పేదవాని పోషకాహారము. పాఠశాలలో మధ్యాహ్నభోజనమున పెట్టు గుడ్డు వలన బలము పొందిన బిడ్డ లెందరో కలరు. కలిగినవాడు తన కడుపు నిండిన పిమ్మట లేనివాని పళ్లెము వైపు వ్రేలు చూపుట ధర్మము కాదు. ఆ బిడ్డ తినుచున్న గుడ్డు మీద ఎట్టి నిందయు మోపరాదు. కాని ఈ పరిశ్రమ అంతయు పేదబిడ్డ కొరకే నడచుచున్నదని చెప్పుటయు సరికాదు. విందులలో వృథాగ పారవేయు మాంసమునకు, ఆకలి లేకున్నను రుచికై తినుదానికి, పది రూపాయలు ఎక్కువ యిచ్చుటకు శక్తి కలిగియు చౌకనే కోరు గృహస్థునకు పేదవాని పేరు అడ్డుగ నిలుపరాదు. శక్తి కలవానికి బాధ్యత ముందు వచ్చును. ప్రభుత్వమును, సంపన్నులును ఎక్కువ వెల నిచ్చి బోనులు లేని పెంపకమును నిలబెట్టినచో, ఆ భారము బిడ్డమీద పడనవసరము లేదు.

ఇంతవరకు చదివిన శాకాహారియగు భక్తుడు, ఇదంతయు పరుల విషయమని నిట్టూర్చి యుండవచ్చును. అతని పూజాగదిలోని పాలగిన్నె అంతటితో అతనిని విడువదు. 1970లో ఆరంభమైన క్షీరవిప్లవము పల్లెలలో అనేక కుటుంబములకు అన్నము పెట్టినది. అది మరువరానిది. కాని పాలు రావలెనన్న ఆవు ఈనవలెను. ఈనినప్పుడు పెయ్య ఎంత తరచుగ పుట్టునో కోడెదూడయు అంత తరచుగనే పుట్టును. పూర్వము కోడెదూడ ఎద్దయి నాగలి దున్నెను, బండి లాగెను. నేడు ట్రాక్టరు వచ్చినది. జెర్సీ, హోల్‌స్టీన్ సంకరజాతి కోడెకు మూపురము లేనందున కాడి నిలువదు. 2019 పశుగణన ప్రకారము దేశములోని 19.25 కోట్ల ఆవులు ఎద్దులలో ఆడవి 14.51 కోట్లు. సమానముగ పుట్టిన వానిలో మగవి 4.74 కోట్లు మాత్రమే మిగిలినవి. మిగిలిన లేగలు ఏమైనవను ప్రశ్నకు సమాధానము పాలపొట్లము మీద వ్రాయబడి యుండదు. కొన్ని పాలు లేక కట్టుకొయ్య వద్దనే మాడిపోయెను, కొన్ని రోడ్డుపాలయ్యెను, కొన్ని చేతులు మారి కబేళాకు చేరెను. కోడిని తినువానికిని పాలు త్రాగువానికిని మధ్య నున్న గోడ అతడు తలంచినంత ఎత్తైనది కాదు.

ఆలయములకు ఈ విషయమున ప్రత్యేక సంబంధము కలదు. వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించుట, సింహాచల అప్పన్నకు కోడెదూడను సమర్పించుట తరతరముల ఆచారములు. ఇంటిలోని మేలిమి దూడను స్వామికి విడుచుట ఒకప్పుడు త్యాగము. కాని సాకలేని దూడను, పాలు త్రాగుట కూడ నేర్వని లేగను తల్లినుండి విడదీసి ఆలయ ప్రాంగణమున కట్టి పోవుట త్యాగము కాదు, భారమును స్వామి మీదికి త్రోయుట. స్వామికి ఇచ్చితిమను తృప్తితో పోవు భక్తుడు, ఆ రాత్రి ఆ లేగకు పాలెవరు పట్టుదురని అడుగవలెను. దూడను స్వీకరించిన గోశాల కూడ, దానముతో పాటు గ్రాసమును, వైద్యమును, చోటును తానే ఒప్పుకొన్నదని గ్రహింపవలెను. పోషింపగల సంఖ్యకు మించి స్వీకరించుట పుణ్యకార్యము కాజాలదు.

పూజయందు ద్రవ్యశుద్ధి యని ఒక నియమమున్నది. పాత్ర తోమి, మడి కట్టి తెచ్చినంత మాత్రమున ద్రవ్యము శుద్ధము కాదు. అది న్యాయముగ ఆర్జింపబడినదై యుండవలెను. దొంగిలించిన పూలతో అర్చన చేయరాదని చిన్నపిల్లలకును చెప్పుదురు. దూడ నోటినుండి లాగివేసిన పాలు అభిషేకపాత్రలో దొంగ పూలకంటె ఎట్లు శుద్ధమగును? దూడ త్రాగగా మిగిలిన పాలనే పితుకుట పూర్వులు పాటించిన మర్యాద. ఆ మర్యాదను పాటించు పాడిరైతులు నేటికిని కలరు. వారి యొద్ద పాలు కొంత ప్రియము. ఆ ఎక్కువ వెల దూడ భాగము.

చట్టమును కొంత చెప్పియున్నది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము, ప్రాణి తగినంత కదలుటకు వీలులేని పంజరమున దానిని ఉంచుటను నేరముగ పేర్కొన్నది. అయితే మొదటి నేరమునకు అది విధించిన జరిమానా పది రూపాయల నుండి యాభై రూపాయల వరకు మాత్రమే. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన 51-ఎ అధికరణము ప్రాణులయెడ దయ చూపుట పౌరుని విధియని చెప్పినది. 2017 జూలైలో భారత లా కమిషన్ తన 269వ నివేదికను ప్రత్యేకించి గుడ్లుపెట్టు కోళ్ల, బ్రాయిలరు కోళ్ల పెంపకమును గూర్చియే సమర్పించినది. ఐరోపా సమాఖ్య 1999లో నిర్ణయించి 2012 జనవరి 1 నుండి వట్టి ఇనుపబోనులను నిషేధించినది. జర్మనీ 2022 జనవరి నుండి పుంజుపిల్లలను పుట్టగనే చంపుటను నిలిపివేసినది. ఇట్లు చేసినందున ఆ దేశములలో జనులు ఆకలితో చావలేదు. మానవుడు తలచినచో మార్పు సాధ్యమనుటకు ఇవి సాక్ష్యములు.

చట్టము బోను కొలతను పెంచగలదు. కొనువాని మనస్సును మాత్రము అతడే తెరచుకొనవలెను. గృహస్థునకు విధింపబడిన పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. తాను తినుటకు ముందు ఇతర ప్రాణులకు భాగము తీసి పెట్టుట దాని స్వరూపము. కాకికి ముద్ద, చీమకు పిండి పెట్టిన చేయియే, తాను ప్రతిదినము ఏ ప్రాణివలన బ్రదుకుచున్నదో దాని భాగమును మరచుట తగదు. మాంసము మానగలవాడు మానవచ్చును. మానలేనివాడు తగ్గించుకొనవచ్చును. కొనువాడు నేలమీద పెరిగిన కోడి గుడ్లను అడిగి, తగిన వెల చెల్లింపవచ్చును. ఇవి పెద్ద తపస్సులు కావు. కాని అడుగుటకు ఒకడు మొదలుపెట్టినప్పుడు, అమ్మువాడు సమాధానము సిద్ధము చేసికొనవలసి వచ్చును.

బోయవాడు ఇంటికి పోయి అడిగిన ప్రశ్న అతని జీవితమును మార్చినది. అడుగక పోయినచో అతడు అడవిలోనే యుండెడివాడు. తెల్లవారి వాకిట పాలు పోయించుకొను గృహిణి, కొలత సరిచూచుకొన్న పిమ్మట, పాలవానిని మరియొక మాట అడుగవచ్చును: “ఈనిన దూడ ఏది, బాగున్నదా?”